శాస్త్రవేత్తను బోనెక్కించే విద్య

2015 మార్చిలో సిగరెట్ పెట్టెల మీద వేసే క్యాన్సర్ బొమ్మల వ్యవహారం ఒక పార్లమెంటరీ కమిటీ ముందుకొచ్చింది. పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక ఉండాలని, ఏప్రిల్ 1 నుంచి అమలు చేయాలని ఆరోగ్యశాఖ అప్పటికే నిర్ణయించింది. కమిటీ ఆగమంది. అధ్యక్షుడిగా ఉన్న మహారాష్ట్ర ఎంపీ దిలీప్ గాంధీ చెప్పిన కారణం ఏమిటంటే, పొగాకుతో క్యాన్సర్ వస్తుందని తేల్చిన భారతీయ సర్వే ఒక్కటీ లేదట, అధ్యయనాలన్నీ విదేశాల్లో చేసినవేనట. నిబంధన వాయిదా పడింది. మళ్ళీ 2016 ఏప్రిల్‌లో గానీ అమల్లోకి రాలేదు.

ఈ మాట విన్నప్పుడు ఉత్తరాంధ్ర వాళ్ళకు నవ్వొచ్చి ఉండాలి. శ్రీకాకుళం తీరపు పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు పాతది. అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరిపోదు, పని చేసుకుంటుంటే బూడిద రాలదు. కాకపోతే ఆ వేడీ ఆ పొగా నేరుగా అంగిటికి తగులుతాయి. ఈ అలవాటుకూ అంగిటి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి విశాఖపట్నంలో పనిచేసిన డాక్టర్లు కిణి, సుబ్బారావు 1937లోనే ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో రాశారు. ఆ తర్వాత బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంతవైద్య పరిశోధకులు, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ కలిసి శ్రీకాకుళం జిల్లా ఊళ్ళలో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూశారు. అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద వాళ్ళ నివేదిక 1971లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్’లో అచ్చయింది. పేరులోనే ఆంధ్రప్రదేశ్ ఉన్న నివేదిక అది. విదేశీ అధ్యయనమని తోసేయడానికి కూడా లేదు.

ఆ ఎంపీకి ఇది తెలుసా, తెలియదా అన్నది నాకంత ముఖ్యం కాదు. ఆ వాదన ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు విషయం. ‘ఇంకా రుజువు కాలేదు, మన దగ్గర చేసింది కాదు, మరింత పరిశోధన కావాలి’ అన్న ఈ వరుసను ఏ రాజకీయ నాయకుడూ సొంతంగా కనిపెట్టనక్కర్లేదు. అది 1953 నుంచీ తయారుగా ఉంది.

ఆ ఏడాది డిసెంబర్‌లో ఎర్నెస్ట్ వైండర్, ఎవర్ట్స్ గ్రాహం అనే పరిశోధకులు సిగరెట్ తారును ఎలుకల వీపు మీద పూసి క్యాన్సర్ రప్పించిన ఫలితాలు ప్రచురించారు. అంతకు మూడేళ్ళ ముందే బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్, అమెరికాలో ఈ వైండర్, గ్రాహంలే ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల లెక్కలు తీసి, వాళ్ళలో అత్యధికులు సిగరెట్ తాగేవాళ్ళేనని చూపించారు. షేర్లు పడిపోతుండటంతో అమెరికా సిగరెట్ కంపెనీల పెద్దలు న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో కూడారు. మార్కెట్లో ఒకరి గొంతు ఒకరు కోసుకునేవాళ్ళు ఆ రోజు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థను పిలిపించారు.

పరిశోధన తప్పని నేరుగా కొట్టిపారేయొద్దని ఆ సంస్థ సలహా ఇచ్చింది. శాస్త్రాన్ని ఎదిరిస్తే జనం శాస్త్రం వైపే ఉంటారు. శాస్త్రం పక్షాన నిలబడినట్టు కనిపిస్తూ, ఇంకా శాస్త్రం కావాలని అడగాలి. 1954 జనవరి 4న అమెరికాలో 400కు పైగా పత్రికల్లో ఒక పూర్తి పేజీ ప్రకటన వచ్చింది. ప్రజల ఆరోగ్యమే తమకు వ్యాపారం కన్నా మిన్న అని, నిజం తేల్చడానికి తామే ఒక పరిశోధక కమిటీ పెడుతున్నామని అందులో రాశారు. ఆ కమిటీ శాస్త్రీయ అధిపతి క్లారెన్స్ కుక్ లిటిల్ పేరున్న జన్యుశాస్త్రవేత్త. అంతకు ముందు క్యాన్సర్ నివారణ సంఘాన్ని నడిపిన మనిషి. దొంగ సంతకాల డాక్టరును తెచ్చుకోలేదు వాళ్ళు, నిజమైన గౌరవాన్నే అద్దెకు తెచ్చుకున్నారు. ఆ డబ్బుతో నిజమైన పరిశోధనలే జరిగాయి కూడా. అవన్నీ చాలామటుకు క్యాన్సర్‌కు సిగరెట్ తప్ప ఇంకేమేం కారణాలుండొచ్చు అనే వైపే నడిచాయి.

పదిహేనేళ్ళ తర్వాత బ్రౌన్ అండ్ విలియమ్సన్ సిగరెట్ కంపెనీలో తిరిగిన ఒక అంతర్గత పత్రం ఈ పని గుట్టును ఒక్క వాక్యంలో రాసుకుంది: ‘సందేహమే మా సరుకు.’ జనం మనసులో గూడుకట్టుకున్న వాస్తవాలతో పోటీ పడటానికి అంతకంటే మంచి సాధనం లేదని ఆ 1969 పత్రం చెబుతుంది. గెలవనక్కర్లేదు, వివాదం నడుస్తూ ఉంటే చాలు. ఓడిపోతామని తెలిసిన కేసులో వకీలు వాయిదా తర్వాత వాయిదా అడుగుతూ పోతాడు చూడండి, ఇదీ అంతే. ప్రతి వాయిదాకూ ఇక్కడ ఇన్ని కోట్ల సిగరెట్లని లెక్క ఉంటుంది.

లోపల ఒప్పుకుంటూ బయట కాదనడం ఎలా ఉంటుందో చూడాలంటే 1981 జపాన్ ఉదంతం ఉంది. టోక్యో నేషనల్ క్యాన్సర్ సెంటర్‌లో పనిచేసే తకేషి హిరయామా 91,540 మంది భార్యల ఆరోగ్యాన్ని 14 ఏళ్ళు గమనించాడు. వాళ్ళెవరూ పొగ తాగరు. అయినా సిగరెట్ తాగే భర్తలున్న ఆడవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. పక్కవాడి పొగా చంపుతుందని తేలితే ఆఫీసులో, రైల్లో, హోటల్లో సిగరెట్‌కు చోటుండదు. పొగాకు సంస్థలు హిరయామా లెక్కల్లో పొరపాటుందని పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చాయి. అదే సమయంలో హిరయామా మంచి శాస్త్రవేత్త, అతను రాసింది సరైనదే అని తమ సలహాదారులు తేల్చారని ఒక సిగరెట్ కంపెనీ అంతర్గత పత్రంలో ఉంది. ఆ పత్రం బయటికొచ్చేసరికి ఏళ్ళు గడిచిపోయాయి. 1998లో సిగరెట్ కంపెనీలకు అమెరికా రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందం పుణ్యమా అని ఇలాంటి లక్షల పేజీలు బయటపడ్డాయి. 2006లో జడ్జి గ్లాడిస్ కెస్లర్ సుమారు 1,700 పేజీల తీర్పులో ఈ కంపెనీలు దశాబ్దాల పాటు ప్రజలను మోసగించాయని తేల్చింది. మనకీ వివరాలు ఇంత స్పష్టంగా తెలియడానికి కారణం ఆ కాగితాలే. కాగితాలు బయటపడని పరిశ్రమలు ఎన్నో.

ఇంతవరకూ పోరు ఫలితాల మీద. ఫలితాలు మరీ గట్టిపడి ఇక కదలవని తెలిశాక గురి మనిషి మీదికి మారుతుంది. నా ఉద్దేశంలో ఈ మలుపే అన్నిటికన్నా హాని చేసేది. ఒక అధ్యయనాన్ని తప్పంటే ఇంకో అధ్యయనం దానికి జవాబు చెబుతుంది. మనిషిని దొంగ అంటే ఏ అధ్యయనం జవాబు చెబుతుంది?

హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల డాక్టరు కథ చూడండి. పిల్లల ఒంట్లోకి సీసం ఎంత చేరిందో రక్తపరీక్షలో ఆ నెల సంగతే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి చేరినది తెలియాలంటే ఎముకో పన్నో కావాలి. ఆయన మసాచుసెట్స్‌లోని చెల్సీ, సోమర్‌విల్ ఊళ్ళలో ఒకటి, రెండు తరగతుల పిల్లల ఊడిన పాలపళ్ళు సేకరించాడు. మన దగ్గరైతే ఇంటి కప్పు మీదికి విసిరేసే పళ్ళు అవి. పంట్లో సీసం ఎక్కువున్న పిల్లలకు తెలివితేటల పరీక్షల్లో మార్కులు తగ్గాయని, తరగతిలో నిలకడ తక్కువని 1979లో ప్రచురించాడు. అప్పటిదాకా ఎవరూ వీళ్ళను జబ్బు పిల్లలని అనుకోలేదు. అక్కడే ఉంది చిక్కు. బయటికి ఏ లక్షణమూ కనిపించని స్థాయిలోనే సీసం చెడు చేస్తోందంటే, పెట్రోల్లోనూ రంగుల్లోనూ దాన్ని కలిపేవాళ్ళకు తప్పించుకునే దారి మూసుకుపోయినట్టే.

1991లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆయన డేటాను తారుమారు చేశాడని అమెరికా ప్రభుత్వ శాస్త్రీయ నైతికత కార్యాలయానికి ఫిర్యాదు చేశారు. వాళ్ళిద్దరూ యూటా రాష్ట్రంలో సీసం కాలుష్యం కేసులో కంపెనీల తరఫు నిపుణులు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం తలుపులు మూసి విచారిస్తానంటే, తలుపులు తీసి విచారించమని నీడిల్‌మన్ పట్టుబట్టి సాధించుకున్నాడు. 1992లో బహిరంగ విచారణ జరిగింది. పద్ధతులు వివరించడంలో, లెక్కల్లో కొన్ని లోపాలు దొరికాయి, మోసం మాత్రం దొరకలేదు. ఆ లోపాలు సరిచేసినా ఫలితం మారలేదు. ఇతర దేశాల్లో వేరేవాళ్ళు చేసినా సీసం గురించి అదే తేలింది. ఇంత జరిగినా నష్టం జరగలేదనలేం. ఆయన పేరు పక్కన మోసం అన్న మాట పత్రికల్లో ఎన్ని నెలలు తిరిగిందో, నిర్దోషి అన్న మాట అన్ని నెలలు తిరగలేదు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనే మన సామెత ఇలాంటి చోట ఎంత అన్యాయం చేస్తుందో! పొగ పెట్టే వృత్తి ఒకటుందని ఆ సామెత కట్టినవాళ్ళకు తెలియదు పాపం.

ఇక వాతావరణ మార్పుల కథకు వస్తే, అదే పద్ధతితో పాటు కొందరు మనుషులు కూడా అటు నుంచి ఇటు వచ్చారు. ఫ్రెడరిక్ సైట్జ్ ఘన పదార్థాల భౌతికశాస్త్రంలో పెద్దపేరు. అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీకి అధ్యక్షుడిగా చేశాడు. 1979 నుంచి ఆర్.జె. రేనాల్డ్స్ సిగరెట్ కంపెనీ తరఫున 4.5 కోట్ల డాలర్ల వైద్య పరిశోధన నిధిని పంచే బాధ్యత చూశాడు. 1995 నవంబర్‌లో మాడ్రిడ్‌లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ సమావేశం ‘వాతావరణం మీద మానవ ప్రభావం కనిపిస్తోందనడానికే సాక్ష్యాల మొగ్గు’ అని ఒప్పుకుంది. ఆ మాట వెనకున్న ఐపీసీసీ నివేదికలోని ఎనిమిదో అధ్యాయానికి ప్రధాన రచయిత బెన్ శాంటర్. సమావేశంలో వచ్చిన అభిప్రాయాల ప్రకారం, ఐపీసీసీ నియమాల మేరకే, ఆయన అధ్యాయంలో మార్పులు చేశాడు. 1996 జూన్‌లో సైట్జ్ ‘వాల్ స్ట్రీట్ జర్నల్’లో దాన్ని మోసంగా చిత్రిస్తూ రాశాడు. తన 60 ఏళ్ళ శాస్త్రజీవితంలో సమీక్షా పద్ధతి ఇంతగా చెడిపోవడం చూడలేదన్నాడు. సైట్జ్ వాతావరణ శాస్త్రవేత్త కాడు, ఆ నివేదిక రచనలో భాగస్వామీ కాడు. కానీ పాఠకుడికి కనిపించింది అకాడమీ మాజీ అధ్యక్షుడు. శాంటర్ అప్పటికి పేరు తెలియని యువ పరిశోధకుడు. ఆ వ్యాసం ఆ అధ్యాయంలోని లెక్కల జోలికి పోలేదు, రాసిన మనిషి నిజాయితీ మీదే నడిచింది.

దీనికి విరుగుడు చాలామంది అనుకునేంత సులువు కాదు. శాస్త్రం మాట్లాడే తీరే ఈ దాడికి పనికొస్తుంది. ‘సాక్ష్యాల మొగ్గు’, ‘95 శాతం నమ్మకంతో’, ‘ఇంకా పరిశీలించాలి’ అనడం శాస్త్రవేత్తకు వృత్తిధర్మం. బయటివాడికి అది నీళ్ళు నమలడంలా వినిపిస్తుంది. ఎదుటివాడు గట్టిగా, ఒకే వాక్యంలో అబద్ధం చెబుతాడు. పైగా పాత్రికేయ ధర్మం రెండు వైపులా వినమంటుంది. న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ సహా నాలుగు పెద్ద అమెరికా పత్రికల్లో 1988 నుంచి 2002 దాకా వచ్చిన భూతాప వార్తలను ఇద్దరు పరిశోధకులు తరచిచూస్తే, సగానికి పైగా వార్తలు మానవ కారణాన్నీ దాన్ని కాదనే వాదాన్నీ సరిసమానంగా తూకం వేశాయి. శాస్త్రలోకంలో అప్పటికి తక్కెడ అలా లేదు. మన టీవీ చర్చల్లో నాలుగు కిటికీల్లో నలుగురిని కూర్చోబెట్టి సమానంగా అరిపించడం చూసేవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

శాస్త్రం మీద నమ్మకం మొత్తంగా కూలిపోయిందన్న గగ్గోలును మాత్రం నేను నమ్మను. 68 దేశాల్లో సుమారు 72 వేల మందిని అడిగి 2025 జనవరిలో ప్రచురించిన సర్వేలో శాస్త్రవేత్తల మీద నమ్మకం సగటున 5కి 3.62 వచ్చింది. ఈజిప్టు, భారత్ ముందు వరుసలో ఉన్నాయి. అమెరికాలో కోవిడ్ తొలినాళ్ళలో 87 శాతం ఉన్న నమ్మకం 2023 నాటికి 73కి దిగి, మరుసటేడు కాస్త కోలుకుంది. దిగజారుడు ఉంది, ప్రళయం లేదు. దాడి చేసేవాళ్ళకు ప్రళయం అవసరం కూడా లేదు. ఉపగ్రహాన్నీ గుండె ఆపరేషన్‌నూ జనం నమ్ముతూనే ఉండొచ్చు. ఒక్క సిగరెట్ గురించి, ఒక్క సీసం గురించి, ఒక్క బొగ్గు గురించి చట్టం వచ్చేలోపు తేలకుండా ఉంటే వాళ్ళ పని అయిపోతుంది.

కోవిడ్ వచ్చాక ఈ పనికి కంపెనీ కూడా అక్కర్లేకపోయింది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది బారులు తీరిన రోజులు అందరికీ గుర్తే. ఆస్పత్రిలో పడక దొరకని, ఆక్సిజన్ దొరకని రోజులవి. ప్రాణభయంతో వెళ్ళినవాళ్ళను నేను ఎగతాళి చేయను. కానీ ఆ మందుకు పరీక్షలు కావాలన్నవాళ్ళ మీద ‘ఫార్మా మాఫియా ఏజెంట్’ అన్న ముద్ర ఎంత వేగంగా పడిందో చూశాం. ఆ మందుల్లో ఉన్న కంటి చుక్కల సంగతి ఏమిటి, పరీక్షిస్తే ఏం తేలింది అన్న ప్రశ్నలు పక్కకు పోయి, అడిగినవాడు ఎవరి మనిషి అన్నదే చర్చయింది. చివరికి ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగతావాటికి అనుమతిచ్చింది. హాని లేదన్నారు గానీ కోవిడ్ తగ్గుతుందన్న ఆధారం ఉందనలేదు. అదే ఏడాది ‘నేచర్’ పత్రిక కోవిడ్ గురించి మీడియాలో మాట్లాడిన 321 మంది శాస్త్రవేత్తలను అడిగితే 15 శాతం మంది చంపుతామన్న బెదిరింపులు వచ్చాయన్నారు. ఇలాంటిచోట నోరు మూసుకునేది ఆ 15 శాతమే కాదు, వాళ్ళను చూసిన మిగతావాళ్ళు కూడా.

మరి శాస్త్రవేత్తను ప్రశ్నించేవాడల్లా కుట్రదారుడేనా? కాదు, ఆ మాట అనేస్తే అది ఇంకో రకం మోసం. 2009 నవంబర్‌లో బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం నుంచి దొంగిలించిన వాతావరణ శాస్త్రవేత్తల ఈమెయిళ్ళలో ‘ట్రిక్’ అన్న మాట పట్టుకుని వాతావరణ శాస్త్రమంతా బూటకమని ప్రపంచమంతా అరిచారు. వరుస విచారణల్లో డేటా మోసమేమీ లేదని తేలింది. అదే విచారణల్లో ఒకటి, అడిగినవాళ్ళకు సమాచారం ఇవ్వడంలో ఆ శాస్త్రవేత్తలు తగినంత పారదర్శకంగా లేరని కూడా తప్పుపట్టింది. రెండూ నిజమే. కోవాగ్జిన్ మూడో దశ ఫలితాలు రాకముందే 2021 జనవరిలో అనుమతి ఎందుకిచ్చారని అడిగిన డాక్టర్లు, శాస్త్రవేత్తలు వ్యాక్సిన్ వ్యతిరేకులు కారు. ఫలితాలు చూపమన్నారు. చూపించాక చాలామంది ఒప్పుకున్నారు.

నేను పట్టుకునే గుర్తు అదే. ఏ సాక్ష్యం చూపిస్తే నువ్వు మనసు మార్చుకుంటావని అడగండి. నిజమైన సందేహం ఉన్నవాడి దగ్గర దానికి జవాబు ఉంటుంది, ఆ జవాబు ప్రతి ఏడూ జరిగిపోదు. సిగరెట్ కంపెనీలు 1954లో కావాలన్న రుజువు ఒకటి. 1964లో సిగరెట్‌తో క్యాన్సర్ వస్తుందని అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి సర్జన్ జనరల్ నివేదిక వచ్చాక కావాలన్నది ఇంకొకటి. 1994లో ఏడుగురు సిగరెట్ కంపెనీ అధిపతులు అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనమని తాము నమ్మడం లేదన్నారు. నలభై ఏళ్ళు గడిచినా వాళ్ళకు చాలినంత రుజువు దొరకలేదు.

ఇంకో సంగతి, మనకు దగ్గరిది. శాస్త్రం పేరుతో చేసిన తప్పు ఎంత దూరం పోతుందో ఖమ్మం జిల్లాకు తెలుసు. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మంలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ అలాగే చేశారు. ఎంచుకున్నవాళ్ళలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. చాలామందికి అమ్మానాన్నల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు అనుమతి కాగితాల మీద సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణలో తేలింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం సంతకాల తీరును గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, వేసిన పద్ధతి తప్పు. తప్పు పద్ధతి మంచి టీకా మీద అనుమానమై కూర్చుంది. దాన్ని నాటడానికి ఏ కంపెనీ ప్రచార సంస్థా రానక్కర్లేకపోయింది. వార్డెన్ సంతకమే చాలింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళ పాటు హెచ్‌పీవీ టీకాను జాతీయ కార్యక్రమంలోకి తీసుకోవాలన్న ప్రతిసారీ ఖమ్మం ప్రస్తావన వచ్చేది. సీరం సంస్థ తయారుచేసిన స్వదేశీ టీకా సెర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి చెప్పారు. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా 1.2 లక్షలకు పైగా ఆడవాళ్ళకు ఈ క్యాన్సర్ వస్తుంది, సుమారు 77 వేల మంది చనిపోతారు. 2009లో ఖమ్మంలో టీకా వేయించుకున్న పిల్లలకు ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి.